ఒకే పెట్టెలో గొల్లభామలు: ఏవి కలిసి ఉంటాయి, ఏవి తినేసుకుంటాయి?

క్లుప్తంగా: తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో దొరికే పెద్ద పచ్చ గొల్లభామలు (ఇంగ్లీషులో మాంటిస్‌లు) ఒకే పెట్టెలో ఇమడవు. పుట్టిన కొత్తలో తప్ప వాటిని విడివిడిగానే ఉంచాలి. గుంపుగా పెంచుతున్నట్టు వీడియోల్లో కనబడేవి చాలావరకు వయొలిన్ మాంటిస్ లాంటి వేరే రకాలు. వాటి మధ్య కూడా స్నేహమేమీ ఉండదు, ఒకదాన్నొకటి పట్టించుకోవు, అంతే. కడుపు నిండి, సైజులు దగ్గరగా ఉండి, చోటు సరిపోయినంత కాలమే ఆ పట్టించుకోకపోవడం సాగుతుంది.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక తిరుపతిలో వీధి దీపాల కింద, వరండా గోడల మీద, కుండీల్లోని మందార కొమ్మల మీద గొల్లభామలు కంటపడుతుంటాయి. ముందుకాళ్లు మడిచి దండం పెడుతున్నట్టు నిలబడే ఈ పురుగును పట్టి సీసాలో వేసుకోవడం పిల్లలకు ఎప్పటి నుంచో ఉన్న సరదా. దాన్ని నెలల తరబడి ఇంట్లో పెంచుకోవడం మాత్రం కొత్త ముచ్చట. కుక్కపిల్లకు అద్దింటి ఓనరు ఒప్పుకోడు, చేపల తొట్టెకు ఖర్చెక్కువ. గొల్లభామకు ఒక ప్లాస్టిక్ డబ్బా, నాలుగు ఈగలు చాలు.

ఒకదానితో ఆగకపోవడంతోనే చిక్కు మొదలవుతుంది. వల పంజరంలో ఇరవై ముప్పై మాంటిస్‌లు ఒకే కొమ్మకు ప్రశాంతంగా వేలాడుతున్న వీడియో చూసినవాళ్లు తమకు దొరికిన రెండు మూడింటినీ ఒకే డబ్బాలో వేస్తారు. తెల్లారేసరికి ఒకటి మిగులుతుంది, అడుగున రెండు రెక్కలు, ఒక కాలు ఉంటాయి. వాళ్ల దగ్గర కలిసి ఉన్నవి మన దగ్గర ఎందుకు కలిసి ఉండలేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

కొన్ని పల్లెల్లో పచ్చ మిడతను కూడా గొల్లభామ అనే పిలుస్తారు. ఈ వ్యాసం ఆకులు తినే మిడత గురించి కాదు, వేటాడి తినే మాంటిస్ గురించి. ఇవి మిడతల కన్నా బొద్దింకలకు, చెదపురుగులకు దగ్గరి చుట్టాలు. ప్రపంచం మొత్తం మీద 2,400కు పైగా జాతులున్నాయి. అన్నిటికీ ఒకే నియమం చెప్పబోవడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

కదిలిందే కూడు

గొల్లభామ తలకు రెండు వైపులా పెద్ద కళ్లు, వాటి మధ్య నుదుటి మీద మూడు చిరుకళ్లు ఉంటాయి. రెండు పెద్ద కళ్లూ ముందువైపు ఒకే దృశ్యాన్ని చూస్తాయి కాబట్టి ఎర ఎంత దూరంలో ఉందో అది అంచనా వేయగలదు. పురుగుకు ఇలాంటి లోతు చూపు ఉంటుందని శామ్యూల్ రోసెల్ అనే శాస్త్రవేత్త 1983లో గొల్లభామ మీదే నిరూపించారు. 2016లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. గొల్లభామ కళ్లకు బుల్లి రంగు అద్దాలను తేనెమైనంతో అంటించి, తెర మీద పురుగు లాంటి చుక్కను కదిలించి, అక్కడ లేని ఎర మీదికి అది కాళ్లు విసిరేలా చేశారు. ఆ చూపు బొమ్మలోని వివరాలను పోల్చుకోవడం మీద కన్నా, వెలుగు ఎక్కడెక్కడ మారుతోందో పట్టుకోవడం మీదే నడుస్తుందని 2018లో తేల్చారు.

పెంపకానికి దీంతో నేరుగా సంబంధం ఉంది. వేట సమయంలో ఆ కళ్లు వెతికేవి మూడు నాలుగు సంగతులే: కదులుతోందా, అందేంత దగ్గరలో ఉందా, ముందుకాళ్లతో ఒడిసి పట్టగలిగేంత సైజులో ఉందా, వెనకున్న రంగు మీద స్పష్టంగా కనబడుతోందా. ఎదురుగా ఉన్నది ఈగా, బొద్దింకా, తనతో పాటే ఒకే గుడ్ల గూడు నుంచి వచ్చిన తోబుట్టువా అన్న విచారణ ఈ వరసలో లేదు. కాళ్లు విసిరి పట్టుకోవడం సెకనులో పదోవంతు కన్నా తక్కువ సమయంలో అయిపోతుంది. పట్టిన తర్వాత ముళ్ల మధ్య చిక్కినది చచ్చేదాకా కూడా ఆగదు, తినడం మొదలుపెడుతుంది.

ఎరను ఎంచుకోవడంలో ఈ పురుగుకు ఎంత పట్టింపు లేదో చెప్పడానికి పక్కనే ఉన్న కర్ణాటకలో ఒక ఉదాహరణ దొరికింది. 2017లో ఒక ఇంటి డాబా మీది తోటలో హైరోడ్యులా (పెద్ద పచ్చ గొల్లభామల వర్గం) జాతి మగ గొల్లభామ తొట్టెలోని నీటి మొక్కల ఆకుల మీద నిలబడి, 5 రోజుల్లో 9 గప్పీ చేపలను పట్టి తిన్నది. మరుసటి ఏడాది అది శాస్త్ర పత్రికలో అచ్చయింది. నీటిలోని చేపనే ఎరగా చూసిన పురుగు పక్క కొమ్మ మీది తన జాతి పిల్లను మినహాయిస్తుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

అలాగని ఎదురుపడినప్పుడల్లా దాడి జరగదు. కడుపు నిండిన గొల్లభామ దగ్గరికి ఈగ వచ్చి వాలినా చాలాసార్లు పట్టించుకోదు. ఆకలి పెరిగేకొద్దీ దాడికి దిగే దూరం పెరుగుతుంది, ఎర సైజు మీద పట్టింపు తగ్గుతుంది. రెండింటిని కలిపి ఉంచినవాళ్లు "వారం రోజులు బాగానే ఉన్నాయి, ఎనిమిదో రోజు ఒకటి మాయమైంది" అని చెప్పడంలో అబద్ధం ఉండదు. ఆ వారం రోజులు కాపాడింది స్వభావం కాదు, తిండి.

పెట్టె మార్చే లెక్క

బయట గొల్లభామలు ఒకదాన్నొకటి తినకుండా ఆపేది ప్రధానంగా దూరమే. హైరోడ్యులా జాతుల గుడ్ల గూడు ఒక్కటి పగిలితే 100 నుంచి 200 దాకా పిల్లలు దారాల్లా జారి కిందికి వేలాడతాయి. ఒంటి తొడుగు గట్టిపడగానే తలో కొమ్మ పట్టుకుని చెదిరిపోతాయి. మొదటి రోజుల్లో వాటి ఎరలు మరీ చిన్నవి, తోబుట్టువు మరీ పెద్దది కాబట్టి దాడి తక్కువ. పెరిగేకొద్దీ ఒక్కో పొద మీద ఒకటో రెండో మిగులుతాయి. తోటల్లో వీటిని మిత్ర పురుగులని చెబుతారు గానీ, వందల గొల్లభామలను తెచ్చి ఒకే తోటలో వదిలినా పురుగుల బెడద దానంతకది తీరదు. వాటి సంఖ్యను అవే తగ్గించుకుంటాయి, పైగా శత్రు పురుగుతో పాటు తేనెటీగనూ తింటాయి.

చెదిరిపోయే ఆ వీలును పెట్టె మూసేస్తుంది. ఎదురుపడే అవకాశం పురుగుల సంఖ్యతో సమానంగా పెరగదు, అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది. రెండు ఉంటే జత ఒకటే. ఐదు ఉంటే 10 జతలు, పది ఉంటే 45, ఇరవై ఉంటే 190. పెట్టె మాత్రం అదే. "రెండు ఉన్నప్పుడు ఏమీ కాలేదు, ఇంకో మూడు వేస్తే ఏమవుతుంది" అనే ఆలోచన దెబ్బతినేది ఇక్కడే.

దీనికి తోడు సైజు తేడా. ఒకే రోజు పుట్టిన పిల్లల్లో కూడా ఎక్కువ ఈగలు దొరికినది ముందుగా కుబుసం విడిచి ఒక మెట్టు పెద్దదవుతుంది. అంతవరకూ సమానులుగా ఉన్నవాటిలో ఒకటి వేటగాడు, మిగతావి ఎరలు అవుతాయి. అది ఒక తోబుట్టువును తింటే ఇంకా వేగంగా పెరుగుతుంది, తేడా ఇంకా ముదురుతుంది. వంద పిల్లలున్న డబ్బాలో నెల తర్వాత అరడజను బలమైనవి మిగలడం వెనక ఉన్న యంత్రాంగం ఇదే. దీన్ని తెలిసే వాడుకునే పెంపకందారులూ ఉన్నారు. అన్నిటినీ విడదీసి తిండి పెట్టే ఓపిక లేనప్పుడు మొదటి రెండు కుబుసాల దాకా కలిపి ఉంచి, తర్వాత మిగిలినవాటిని వేరు చేస్తారు. పద్ధతిగా అది పనిచేస్తుంది. అయితే అది కలిపి పెంచడం కాదు, పిల్లలకు పిల్లలనే మేపడం. రెండింటికీ ఒకే పేరు పెట్టకపోతే మంచిది.

ఆకులు, కొమ్మలు ఎక్కువగా పెడితే దాడులు తగ్గుతాయన్న సలహాలో కొంత నిజముంది. ఒకదాని చూపులో ఇంకోటి పడకుండా అడ్డం ఉంటే కాళ్లు విసిరే సందర్భాలు తగ్గుతాయి. కానీ హైరోడ్యులా లాంటి జాతి ఎదిగాక ఆ అడ్డం ప్రమాదాన్ని వాయిదా వేస్తుందే తప్ప తప్పించదు. ఎర కనబడకపోతే అది కూర్చున్నచోటే ఉండిపోదు, వెతుక్కుంటూ కదులుతుంది.

కుబుసం విడిచే వేళ

తినేసుకోవడం మీదే చర్చంతా నడవడం వల్ల దానికి సాటి వచ్చే ప్రమాదం మరుగున పడుతుంది. గొల్లభామ పెరగాలంటే పై తొడుగు విడవాలి. జాతిని బట్టి, ఆడ మగను బట్టి పెద్దదయ్యేలోపు ఆరు నుంచి తొమ్మిది సార్లు ఇది జరుగుతుంది. ప్రతిసారీ అది పై కప్పునో కొమ్మనో వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడి, పాత తొడుగు నుంచి కిందికి జారుతూ బయటికొస్తుంది. అందుకే పెట్టె ఎత్తు పురుగు పొడవుకు కనీసం మూడింతలు ఉండాలంటారు. పెరిగిన పచ్చ గొల్లభామ 8 సెంటీమీటర్లనుకుంటే, కొమ్మలన్నీ పోగా పై నుంచి 25 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. పై కప్పు నున్నటి ప్లాస్టిక్ అయితే కాళ్లకు పట్టు దొరకదు, దోమతెర గుడ్డ అయితే మేలు.

తొడుగు విడిచిన తర్వాత ఒంట్లో మెత్తదనం పోవడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా అది పారిపోలేదు, ఎదురు తిరగలేదు. గుంపులో ఉన్న పెట్టెలో ఒకటి ఇలా వేలాడుతుండగా ఇంకోటి దాని మీదుగా నడిచినా చాలు, పట్టు తప్పి కిందపడుతుంది. పడినది చచ్చిపోవచ్చు, లేదా వంకర కాళ్లతో, ముడుచుకున్న రెక్కలతో గట్టిపడిపోవచ్చు. చివరి కుబుసం తర్వాత ఇలాంటి వంకర ఇక బాగుపడదు, ఎందుకంటే విడవడానికి ఇంకో కుబుసం ఉండదు. తిండి కోసం వేసిన కీచురాళ్లు కూడా ఆ మెత్తటి ఒంటిని కొరుకుతాయి. అంటే పెట్టెలో మిగతా గొల్లభామలన్నీ కడుపు నిండి ఉన్నా, ఒక్క దాడి కూడా జరగకపోయినా, కలిసి ఉండడమే నష్టం తెచ్చిపెట్టగలదు.

కుబుసం దగ్గరపడిందని తెలుసుకోవడం కష్టమేం కాదు. తిండి మానేస్తుంది, పొట్ట ఉబ్బుగా ఉంటుంది, పై కప్పు దగ్గర కదలకుండా వేలాడుతుంది. గుంపులో ఏది తింటోందో ఏది మానేసిందో గుర్తించడమే కష్టం.

వయొలిన్ మాంటిస్ సంగతి వేరు

గుంపు పెంపకం వీడియోల్లో ఎక్కువగా కనబడేది వయొలిన్ మాంటిస్. శాస్త్రీయ నామం గాంగిలస్ గాంగిలోడెస్. లిన్నేయస్ 1758లోనే వర్ణించిన ఈ జాతి దక్షిణ భారతానిది, శ్రీలంకది. అంటే విదేశాల్లో వందల రూపాయలు పోసి కొనుక్కునే ఈ పురుగు స్వస్థలం మన వైపు పొడి చిట్టడవులే. సన్నటి పొడవాటి మెడ, చివర వెడల్పయిన ఉదరం, కాళ్ల మీద ఆకు ముక్కల్లాంటి రేకలు ఉంటాయి. కదలకుండా ఉంటే ఎండుటాకు, గాలి వీస్తే ఊగే ఎండుటాకు. ఎదిగిన ఆడది సుమారు 10 సెంటీమీటర్ల పొడవుంటుంది గానీ బరువు చాలా తక్కువ. మగదాని మీసాలు ఈకల్లా చీలి ఉంటాయి.

ఇది ఎందుకు తన పక్కదాన్ని వదిలేస్తుందన్నదానికి ప్రధానమైన వివరణ దాని వేట పద్ధతిలో ఉంది. పచ్చ గొల్లభామ నడిచేదాన్ని, పాకేదాన్ని, ఎగిరేదాన్ని వేటినీ వదలదు. వయొలిన్ మాంటిస్ దాదాపుగా ఎగిరే పురుగుల మీదే బతుకుతుంది: ఈగలు, చిన్న సీతాకోకచిలుకలు, దీపపు పురుగులు. పెట్టె అడుగున పాకే కీచురాయిని అది చాలాసార్లు చూసి కూడా ఊరుకుంటుంది. వేటను వెంటాడదు, ఒకచోట వేలాడి తన దగ్గరికి వచ్చినదాన్ని గాల్లోనే అందుకుంటుంది. పక్కనున్న ఇంకో వయొలిన్ మాంటిస్ ఎగరదు, విసురుగా కదలదు, ఊగుతూ నెమ్మదిగా నడుస్తుంది. ఎర అని చెప్పే గుర్తులు దానిలో తక్కువ.

ఇదే ఎంపూసిడే కుటుంబానికి చెందిన ఆఫ్రికా జాతి ఇడోలోమాంటిస్‌ను, ఐరోపాలోని ఎంపూసా జాతులను కూడా కలిపి పెంచగలుగుతున్నారు. వేరే కుటుంబానికి చెందిన ఆఫ్రికా ఘోస్ట్ మాంటిస్ కూడా కొంతవరకు ఓర్చుకుంటుంది. మన దేశంలో దొరికే క్రియోబ్రోటర్ పూల మాంటిస్‌లు మాత్రం ఒంట్లో చిన్నవైనా తగువులో చిన్నవి కావు. చిన్న పురుగు కాబట్టి సాధువై ఉంటుందన్న లెక్క పనికిరాదు.

"సామూహిక జాతి" అన్న మాట ఇక్కడ పెడదారి పట్టిస్తోంది. చీమల్లో, తేనెటీగల్లో పని పంపకం ఉంటుంది, పిల్లల సాకుడు ఉంటుంది. వయొలిన్ మాంటిస్‌లలో అలాంటిదేమీ లేదు. పక్కదానికి ఆహారం చూపదు, పక్కది లేకపోతే వెతకదు. తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో ఒకే కంపార్ట్‌మెంటులో గంటల తరబడి కూర్చున్నంత మాత్రాన చుట్టాలైపోరు కదా, అంతే. అందువల్ల "ఒంటరిగా ఉంచితే బెంగ పెట్టుకుంటుందేమో" అనే సందేహానికి చోటు లేదు. కలిపి ఉంచడం వల్ల లాభం పురుగుకు కాదు, పెంచేవారికి. ఒకే పెద్ద పంజరంలోకి ఒకేసారి ఈగలు వదిలితే పని తేలిక.

ఆ లాభం కోసం పాటించాల్సిన షరతులు కూడా ఉన్నాయి. ఒకే వయసు, ఒకే సైజు ఉన్నవే ఉండాలి. పంజరం వలతో చేసినదై, అర మీటరుకు తగ్గని ఎత్తుండాలి. ఎగిరే ఆహారం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పగటి వేడి 30 డిగ్రీల పైన ఉండాలి, గాలి ఆడాలి. రెండు మూడు రోజులు ఈగలు దొరకకపోతే వయొలిన్ మాంటిస్ గుంపులోనూ రెక్కలు రాలడం మొదలవుతుంది. రెండు జాతులను కలపడం అసలే వద్దు. ఒక్క పచ్చ గొల్లభామ చేరితే చాలు, అది ఆ పంజరాన్ని ఆహారపు గిడ్డంగిగా చూస్తుంది.

ఆడ, మగ జత: భయమూ అతిశయోక్తీ

కలిపి ఉంచక తప్పని సందర్భం ఒకటే, జత కట్టించడం. జత కట్టగానే ఆడది మగదాని తల కొరికేస్తుందన్న ప్రచారం ఎక్కువగా ఇరుకు పెట్టెల్లో చూసినవాటి నుంచి వచ్చింది. కెన్నెత్ రోడర్ అనే శాస్త్రవేత్త 1935లో చూపించిన సంగతి దానికి ఊతమిచ్చింది: తల పోయిన మగ గొల్లభామ ఒళ్లు జత కట్టే కదలికలను ఆపదు సరికదా, తలలోని నాడీ కణుపు వేసే అదుపు తొలగిపోవడంతో మరింత జోరుగా సాగిస్తుంది. తర్వాత 1980ల్లో లిస్కె, డేవిస్ అనే పరిశోధకులు ఆడవాటిని బాగా మేపి, వెలుగును, అలికిడిని తగ్గించి కెమెరాతో గమనిస్తే జతలు చాలావరకు మగదాని ప్రాణం మీదికి రాకుండానే ముగిశాయి.

అలాగని ఇది పూర్తిగా పెట్టె సృష్టించిన వింత కాదు. పోర్చుగల్‌లో ఆరుబయట చేసి 1992లో ప్రచురించిన అధ్యయనంలో ఐరోపా గొల్లభామల జతల్లో దాదాపు మూడోవంతు మగదాన్ని తినడంతోనే ముగిశాయి. 2016లో బ్రౌన్, బ్యారీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చైనా గొల్లభామల మీద చేసిన ప్రయోగంలో, తినబడిన మగదాని ఒంట్లోని పోషకాలు ఆడది పెట్టే గుడ్లలోకి చేరినట్టు, అలాంటి ఆడవి ఎక్కువ గుడ్లు పెట్టినట్టు తేలింది. ఆకలి ఇక్కడ కూడా ముఖ్యమైన మీటే, కానీ ఒక్కటే కాదు.

ఇంట్లో పాటించే జాగ్రత్త దీని నుంచే వస్తుంది. ఆడది చివరి కుబుసం విడిచాక రెండు వారాలైనా ఆగి, కొన్ని రోజులు కడుపునిండా మేపి, పెద్ద పంజరంలో దాని నోట్లో ఎర ఉండగా మగదాన్ని వెనకవైపు వదులుతారు. జత గంటల తరబడి సాగుతుంది, విడిపోగానే మగదాన్ని బయటికి తీయాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఆ తీయడం ఆలస్యమైనప్పుడే. ఏది ఆడో ఏది మగో పోల్చడానికి పొట్ట కింది గీతలు చూస్తే చాలు. ఆడదానికి 6 విభాగాలు కనబడతాయి, మగదానికి 8. మగది సన్నగా ఉంటుంది, మీసాలు పొడుగు. రాత్రిపూట దీపాల దగ్గరికి ఎగిరి వచ్చేవాటిలో ఎక్కువ మగవే.

తిరుపతి గదిలో తిండి, వేడి, చీమలు

చలి దేశాల పెంపకందారులు హీటర్ల గురించి రాసే సలహాలు ఇక్కడ అక్కరలేదు. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో డాబా మీది రేకుల గదిలో పెట్టెను ఉంచకపోవడమే అసలు జాగ్రత్త. వయొలిన్ మాంటిస్ ఆ వేడిని కొంత ఓర్చుకుంటుంది. పచ్చ గొల్లభామకు నీడ, రోజూ ఒకసారి చల్లే నీటి తుంపర కావాలి. గిన్నెలో నీళ్లు తాగడం వీటికి అలవాటు లేదు, ఆకు మీది బొట్లే తాగుతాయి.

గుంపు పెంపకం బెడిసికొట్టేది ఎక్కువగా తిండి దగ్గరే. అప్పుడే పుట్టిన పిల్లలకు మాగిన అరటిపండు మీద ముసిరే డ్రోసోఫిలా లాంటి సన్న ఈగలు కావాలి. మామిడి కాయను పుచ్చబెట్టే పండుఈగ వేరు, అది పెద్దది. చిత్తూరు వైపు తోటల్లో ఆ పండుఈగ కోసం మిథైల్ యూజెనాల్ ఎరబుట్టలు కడతారు. వాటిలో పడినవి ఊరికే వస్తున్నాయి కదా అని గొల్లభామకు పెట్టడం చంపడంతో సమానం, బుట్టలో ఎరతో పాటు పురుగుమందూ ఉంటుంది. తోతాపురి తోటల్లో తేనెమంచు పురుగు కోసం మందు కొట్టిన రోజుల్లో పట్టిన పురుగులకూ ఇదే వర్తిస్తుంది. ఒకే మందు తగిలిన ఈగలు వేసినప్పుడు విడి డబ్బాలో అయితే ఒక గొల్లభామ పోతుంది, గుంపు పంజరంలో అయితే అన్నీ పోతాయి.

చీమలు ఇంకో శత్రువు. తిని వదిలేసిన ఈగ కాళ్లు, రెక్కలు అడుగున పోగయితే ఎర్రచీమలు వరస కడతాయి, కుబుసం విడుస్తున్నది దొరికితే మిగల్చవు. పంజరం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే సరిపోతుంది.

గుడ్ల గూడును కొమ్మతో సహా తెచ్చి పెట్టుకునేవారికి ఒక మాట. దాంట్లోంచి గొల్లభామ పిల్లలకు బదులు సన్నటి కందిరీగలు రావచ్చు. పోడాగ్రియాన్ అనే ఈ కందిరీగలు గొల్లభామ గుడ్లలోనే గుడ్లు పెడతాయి. పక్కన గుండ్రటి చిన్న చిన్న రంధ్రాలు కనబడితే ఆ గూడు అప్పటికే వేరొకరిది.

కొండ మీంచి తేవడం, విదేశం నుంచి తెప్పించడం

వయొలిన్ మాంటిస్ పొడి అడవుల పురుగు అనగానే శేషాచలం వైపు చూపు పోవడం సహజం. ఆ కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం 1989 నుంచి ఉంది, శేషాచలం జీవావరణ రిజర్వును 2010లో ప్రకటించారు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం జాతీయ వనాల నుంచి, అభయారణ్యాల నుంచి అనుమతి లేకుండా ప్రాణులను పట్టి తీసుకెళ్లడం నేరం. పురుగు కదా, ఎవరు అడుగుతారన్న వాదన చట్టం ముందు నిలవదు. పెరట్లో, పొలం గట్టున, వీధి దీపం కింద దొరికినవి వేరే సంగతి. వాటిని పెంచడం చాలనుకున్నప్పుడు పట్టిన చోటే వదలడం మేలు.

విదేశీ జాతుల విషయం ఇంకా బిగువు. 1914 నాటి విధ్వంసక పురుగులు, తెగుళ్ల చట్టం కింద కేంద్రం 2003లో ఇచ్చిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, దిగుమతి అనుమతి లేకుండా బతికున్న పురుగులను దేశంలోకి తేకూడదు. పార్శిల్‌లో వచ్చే ఘోస్ట్ మాంటిస్ గుడ్ల గూడుకూ అదే వర్తిస్తుంది. ఈ కట్టుబాటు ఎందుకో న్యూజిలాండ్‌ను చూస్తే అర్థమవుతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన మియోమాంటిస్ కాఫ్రా అక్కడ 1978లో ఆక్లాండ్‌లో మొదట కంటపడి, తర్వాత విస్తరించింది. న్యూజిలాండ్ సొంత జాతి మగ గొల్లభామలు తమ ఆడవాటి కన్నా ఈ కొత్త ఆడవాటి వాసనకే ఎక్కువగా ఆకర్షితమై వెళుతున్నాయని, వెళ్లినవాటిలో చాలావాటిని అవి తినేస్తున్నాయని 2013లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది.